పైకప్పు నాది

లోపలే మంచం, వంటిల్లు ఉండే మా ఇల్లుబండికి ముప్పై ఆరేళ్లు. అందులో ఇంజను మా ఆయన ఇవోది, పైకప్పు నాది. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. నేనేమో ఇక్కడే మా ఊరు పోజ్జిబోన్సిలో, ఇలాంటి బళ్లు తయారుచేసే ఫ్యాక్టరీలో, పైకప్పుల అతుకులు మూస్తూ జుట్టు నెరిపించుకున్నదాన్ని. ఎవరికి తెలిసిన పని వాళ్లు చేసుకోబట్టే బండి ఇన్నాళ్లు నిలిచింది.

ఏటా సెప్టెంబరులో మరెమ్మా సముద్రతీరంలో పాతబళ్ల వాళ్లందరం కలుస్తాం. ఇవో ఇంజను మూత ఎత్తాడంటే చాలు, చుట్టూ జనం. బెల్టు ఎప్పుడు మార్చాడు, ఆయిలు ఏది పోస్తాడు, చలికాలంలో టైర్లు ఒకేచోట నొక్కుకుపోకుండా బండిని ఎలా జరుపుతుంటాడు, అన్నీ పూస గుచ్చినట్టు చెబుతాడు. పైకప్పు గురించి మాత్రం ఎవరూ అడగరు. కారని కప్పు గురించి అడగడానికేముంది? ఇంజను పోతే ఇంకోటి తెచ్చి పెట్టుకోవచ్చు, నీళ్లు దిగితే గోడల్లో చెక్క పుచ్చి బండే పోతుంది. ఈ ముక్క చెబుదామని నేను నోరు తెరిచేసరికి ఎవడో డీజిల్ ఫిల్టరు సంగతి ఎత్తుతాడు. నాకు ఒళ్లు మండిపోతుంది.

ఈ మార్చిలో, డ్రైవరు సీటుకు పైనున్న మంచం దగ్గర తడి మరక కనబడింది. ఇవో కూడా దాన్ని చూశాడు. భోజనాల దగ్గర సూపు కలుపుతూ అన్నాడు.

"అమ్మేద్దామే."

"ఎవరికి?"

"ఎంపోలీలో గుర్రీనో అని ఉన్నాడు. సంతల్లో పందిమాంసం పెట్టి రొట్టెలు అమ్ముతాడు. ఆదివారం వచ్చి చూస్తానన్నాడు."

"రొట్టెలు అమ్మడానికి పక్కగోడ కోసి కిటికీ పెడతాడా?"

"పెట్టుకోనీ. ముసలిదైపోయింది. ఇంజను తిరుగుతుండగానే పంపిస్తే మర్యాదగా ఉంటుంది."

"ముసలిదైతే పంపించెయ్యడమేనా? మరి నన్నెప్పుడు పంపుతావు ఎంపోలీకి?"

ఆయన రొట్టె తుంచి సూపులో ముంచాడు. నాకు తిండి సయించలేదు. ఆ గోడ మీద రంపం పెట్టడం నేను చూడలేను.

లేచి వెళ్లి మరక దగ్గర బొటనవేలితో గట్టిగా నొక్కి చూశాను. లోపలి చెక్క రాయిలా ఉంది. తడిసింది పైపొరే. నిచ్చెన వేసుకుని కప్పు మీదికి చూశాను. డిసెంబరులో మంచు మీద జారి నా మణికట్టు విరిగింది, అప్పట్నించీ పైకి ఎక్కలేదు. ముందువైపు అతుకు పొడవునా తెల్లగా, నున్నగా మెరుస్తోంది. చూడగానే పోల్చుకున్నాను. బాత్రూములో టైళ్ల సందుల్లో పెట్టే సిలికాన్ బంక. మా ఫ్యాక్టరీలో ఎవరి జేబులోనైనా ఆ గొట్టం కనబడితే గేటు దాకా తరిమేవాళ్లం. బండి కదిలినప్పుడల్లా అది ఊడుతుంది, పైగా దాని మీద ఇంకేదీ అంటుకోదు.

"ఇవో, ఇటు రా."

"నిచ్చెనెందుకు ఎక్కావు? ఆ చెయ్యి..."

"చెయ్యి సంగతి తర్వాత. ఇదేంటి?"

"చిన్న పగులు కనబడింది. నీ చెయ్యేమో కట్టులో ఉంది, నిన్ను బాధపెట్టడమెందుకని బాత్రూముకి తెచ్చింది మిగిలితే..."

"నేనెప్పుడైనా నీ ఇంజన్లో ఆలివ్ నూనె పోశానా?"

ఆయన వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు.

"ఇన్నేళ్లూ నేను పైన ఏం చేస్తున్నానో చూళ్లేదా నువ్వు?"

"నిచ్చెన పట్టుకునేది నేనే కదా."

"పట్టుకుని పక్కింటాయనకి ఇంజను గురించి చెప్పేవాడివి."

ఇవో గొంతు తగ్గించి, "అయితే దీన్ని చంపింది నేనేనన్నమాట," అన్నాడు. ఆ మొహం చూస్తే జాలేసింది గానీ కోపం దిగలేదు.

"ఇంకా చావలేదు. ఆదివారం దాకా నాకు వదిలెయ్. అప్పటికీ చుక్క దిగితే గుర్రీనోకి ఇచ్చెయ్. దిగకపోతే అమ్మకం మాట మళ్లీ ఎత్తకు."

ఆ వారమంతా సిలికాన్ గీకడంతోనే సరిపోయింది. ఇనుప కత్తి పెడితే రేకు గీసుకుపోతుంది, అందుకే ప్లాస్టిక్ ముక్కతోనే గీకాలి. గీకింది ఇవో, వేలితో తడిమి చూసింది నేను.

"ఇక్కడింకా ఉంది."

"ఏదీ, నాకేం కనబడట్లేదే."

"కంటికి కనబడదు. వేలు పెట్టు."

పెట్టాడు. మళ్లీ గీకాడు. అంతా పోయాక అతుకు మీది రేకుపట్టీ ఊడదీసి, పాత బంక తీసేసి, కొత్త బంకపట్టీ పరిచి, రేకుపట్టీ మళ్లీ పెట్టి కొత్త మరలు బిగించాను. మణికట్టు సలుపుతూనే ఉంది. అతుకు మాత్రం గీత గీసినట్టు వచ్చింది.

ఆదివారం పొద్దున్నే నీవెస్ వచ్చింది. ఫ్యాక్టరీలో నా పక్కన పనిచేసిన మనిషి. మాకు అక్కడ ఒక పద్ధతి ఉండేది. బండి బయటికి వెళ్లేముందు లోపల అతుకు కింద మెత్తటి గోధుమపిండి చల్లి, పైనుంచి పైపుతో నీళ్లు కొడతాం. ఒక్క చుక్క పడినా పిండి ఉండకడుతుంది. ఇక అతుకు మూసినవాళ్లు లోపలికెళ్లి చూడకూడదు. ఎవరి పని వాళ్లకి ముద్దొస్తుంది కదా.

"నువ్వు నిచ్చెన మీదే ఉండు," అంది నీవెస్, పిండి చల్లి బయటికొస్తూ. "ఇవో, నువ్వెళ్లి మంచమెక్కి పడుకుని చూడు. దీని పనిని నమ్మంది నువ్వే కదా."

ఇవో లోపలికి దూరాడు. నేను నీళ్లు కొట్టడం మొదలుపెట్టాను. అంతలోనే గుర్రీనో వచ్చాడు, చెప్పిన టైముకంటే ముందే. బండి చుట్టూ తిరుగుతున్నాడు. లోపల్నించి ఉలుకూ పలుకూ లేదు. నేను పైపు ఆపకుండా అతుకు మీదే పట్టాను.

"ఏమయ్యా, నిద్రపోయావా?" అని అరిచింది నీవెస్.

చాలాసేపటికి ఇవో దిగాడు. గడ్డమంతా తెల్లగా పిండి. దులిపితే పొడిపొడిగా రాలింది. ఒక్క ఉండ లేదు.

గుర్రీనో అదేం పట్టించుకోకుండా పక్కగోడ మీద చేత్తో చరిచి, "కిటికీ ఇక్కడ కోస్తే సరిపోతుంది," అన్నాడు.

"చెయ్యి తియ్యి," అన్నాడు ఇవో. "బండి అమ్మట్లేదు."

గుర్రీనో తగాదా పడలేదు. కారుతున్న నీళ్లనీ, తడవని పిండినీ మార్చి మార్చి చూశాడు. "నా పాత బండి కూడా కారుతోంది. ఏ షాపులో చేయించావో చెప్పు."

ఇవో ఇంజను మూత మీద చెయ్యి వేశాడు. ఇక ఇంజను సంగతి ఎత్తుతాడనుకున్నాను.

"షాపు కాదు, మా ఆవిడ ఫియోరెంజా. ఇన్నేళ్లూ అందరూ నన్ను మెచ్చుకుంటుంటే పళ్లికిలించుకుని నిలబడ్డాను. ఈ కప్పు పాడుచేసింది నేను. నిలబెట్టింది ఆవిడ. ఏమైనా అడగాలంటే పైకి చూసి అడుగు."

గుర్రీనో టోపీ తీసి తల పైకెత్తాడు. నీవెస్ కుళాయి కట్టేసి, దిగమని చెయ్యి ఊపింది. నేను దిగలేదు. అక్కడ నిలబడి ఉంటే నాకు చాలా బాగుంది.