ఆ చెయ్యి ఎవరిది

హాట్ ప్రెస్‌లో తువ్వాళ్లు సర్దుతుంటే కనకలతకు ఆ పుస్తకం దొరికింది. ఐర్లండ్‌లోని ఈ స్లైగో ఊళ్లో ఎండను నమ్మి బట్టలారేసేవాళ్లు ఉండరు. వేడినీళ్ల ట్యాంకున్న ఆ అలమరే గతి. కూతురు చరిత అందులో దాచుకున్న జపాన్ బొమ్మల కథ అది. ఇద్దరు మగపిల్లల ప్రేమ.

తప్పనుకుంటూనే నిలబడి చదివింది. ముద్దుల దగ్గర కాదు, ఒక చిన్న గడి దగ్గర ఆగిపోయింది. ఒకడు వండాడు. రెండోవాడు గిన్నెలు తోముతూ "అలిసిపోయావా?" అని అడిగాడు. అడిగి వదిలెయ్యలేదు, పక్క గడి అంతా జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరిలో ఆడది లేదు గనుక ఫలానా మనిషే వడ్డించాలన్న నియమం ఆ ఇంట్లో లేదు. అలాంటి ఇల్లొకటి ఉండొచ్చని నలభై మూడేళ్లలో ఆమెకు తోచనే లేదు.

చరిత చూసేసింది. "ఇట్స్ గ్రాండ్, ఏం పర్లేదు అమ్మా. రెండో పార్ట్ కావాలా?" అంది. ఆ ఇద్దరికీ జనం సొంతంగా బొమ్మలు వేసి నెట్‌లో పెడతారని చూపించింది.

కనకలత పెన్సిలు తీసింది. పాతికేళ్ల కిందట, బావ అనంతరామ్ మెడిసిన్ చదివేటప్పుడు, అతని అనాటమీ రికార్డంతా వేసింది ఆమే. ఫ్యాను గాలికి కాగితం లేవకుండా అతను చెయ్యి ఆనించి పట్టుకునేవాడు. ఆ చేతిని చూసే మనసు పడింది, పెళ్లాడింది. రికార్డు మీద పేరు అతనిది, మార్కులు అతనివి. ఇప్పుడు కథలోని కుర్రాడికి ఆ చెయ్యే పెట్టింది. 'ఇంత ప్రేమగల చెయ్యి ఎక్కడ చూశారు?' అని ముక్కూమొహం తెలియని మనిషెవరో నెట్‌లో బొమ్మ కింద రాశారు. వంట చేస్తూ ఆ మాట నాలుగుసార్లు చదువుకుంది.

ఆదివారం మధ్యాహ్నం భోజనం దగ్గర అనంతరామ్ కంట ఆ కాగితం పడింది.

"ఈ వయసులో మగపిల్లల బొమ్మలేంటే? మనవాళ్లెవరైనా చూస్తే హాస్పిటల్లో నా పరువేం కాను?"

అతను కాగితాన్ని కిటికీ వెలుతురుకి తిప్పాడు. తన చెయ్యేనని గుర్తుపడతాడేమోనని ఆమె అతని మొహంలోకే చూసింది.

"చెయ్యి మాత్రం బాగా కుదిరిందే. ఎవరిది?"

"తెలిసినవాళ్లదే."

"ఊఁ. వచ్చే నెల కాన్ఫరెన్సుకి నా పోస్టర్ మీద లివర్ బొమ్మ వేసిపెట్టు. పెరుగేదీ?"

"ఫ్రిజ్‌లో ఉంది, తీసుకో. పోస్టర్ నేను వెయ్యను బావా."

కాగితం అందుకుని ఆ చేతిని రబ్బరుతో నెమ్మదిగా చెరిపింది. కాగితం కదలకుండా తన ఎడమచెయ్యి ఆనించి, దాన్నే చూస్తూ వెయ్యడం మొదలుపెట్టింది.