పోలిరాజు లారీ చప్పుడు

బ్యాటరీ బండికి చప్పుడుండదని గొప్పగా చెప్పుకుంటారు. చప్పుడు లేని బండి ఎవరికి మంచిది? మేడ మీద కూర్చుని టీ తాగేవాళ్ళకి మంచిది. నడుం వంచి రోడ్డు ఊడ్చేవాళ్ళకి కాదు. మేం బండ్లకి వీపు పెట్టి పని చేస్తాం. కళ్ళు చెత్త మీద ఉంటాయి, చెవులు వెనక ఉంటాయి. ఏ బండి ఎంత దూరంలో ఉందో, అది ఆగేదో ఆగనిదో చెవితోనే పసిగడతాం. ఇన్నేళ్ళుగా నన్ను బతికించింది నా చెవులే. ఇందులో ఏ ఆఫీసరు గొప్పతనమూ లేదు.

మేముండేది బెంగాలీల ఊళ్ళో, టికియాపారాలో, రైలు పట్టాల వెనక. ఊడ్చేది వంతెన అవతల, గంగ ఒడ్డున గోదాముల రోడ్డు. మా జట్టు ఆడవాళ్ళందరం శ్రీకాకుళం వైపు వాళ్ళమే. మా ఆయన పోలిరాజు అదే రోడ్డులో చెత్త లారీ నడిపేవాడు. డీజిలు లారీ. అబ్బో, దాని చప్పుడు! ముసలాడు దగ్గినట్టు దగ్గేది. గేరు మార్చినప్పుడల్లా గొంతులో కఫం అడ్డం పడ్డట్టు గురగురలాడేది. అది మలుపులో ఉండగానే వీధికుక్కలతో సహా అందరూ పక్కకి తప్పుకునేవారు. మా వెనక్కి వచ్చేసరికి మాత్రం ఆయన హారన్ కొట్టేవాడు కాదు. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, చేతికున్న ఇత్తడి కడియంతో తలుపు రేకు మీద కొట్టేవాడు. టంగు, టంగు. వచ్చేశాను, జరగండి అని దానర్థం. నేను జరిగేదాన్ని. కిటికీ నా పక్కకి వచ్చాక మట్టి గ్లాసులో టీ అందించేవాడు. అందరూ చూస్తుండగానే! సిగ్గులేని మనిషి.

నిరుడు ఎండల్లో బ్యాటరీ చెత్తబండ్లు దిగాయి. దిగిన కొద్ది రోజులకే ఒకటి చడీచప్పుడూ లేకుండా వెనక నుంచి వచ్చి అరుణకుమారి పాదం మీదకి ఎక్కింది. మేమంతా చీపుళ్ళు పారేసి నడిరోడ్డు మీద కూర్చున్నాం. అప్పుడు బండ్లు అమ్మిన కంపెనీ ఒక ఇంజనీరుని పంపింది. పేరు సునీల్‌కుమార్. వరంగల్ కుర్రాడు, మర్యాదస్థుడు. బంపర్ కింద చిన్న డబ్బా పెట్టి, బండి కదిలినంతసేపూ అందులోంచి ఇంజను చప్పుడు వచ్చేలా చేస్తామన్నాడు. ఏ చప్పుడైతే మీరు గుర్తుపడతారని అడిగాడు.

"మా పోలిరాజు బావ లారీ సప్పుడు ఎట్టు బావూ. దానికైతే మా ఒళ్ళు దానంతటదే జరిగిపోద్ది," అంది అరుణకుమారి. అందరూ అదే మాట అన్నారు.

సునీల్‌కుమార్ ఒక పూటంతా లారీ చుట్టూ మైకులు కట్టి చప్పుడు రికార్డు చేసుకున్నాడు. ఆ రోజు మా ఆయన సంబరం చూడాలి. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. చప్పుడుకి చొక్కా ఎందుకో!

"నాను పోయినా నా లారీ నీ ఎనకాలే తిరుగుద్ది, సన్నేసీ," అన్నాడు నాతో.

"అపశకునం మాటలు ఆడకు," అని కసిరాను.

దుర్గాపూజకి ముందే పోయాడు. ఇంజను ఆడుతుండగానే స్టీరింగు మీదకి ఒరిగిపోయాడు. చేతి కడియం ఎంత లాగినా ఊడిరాలేదు, దాంతోనే కట్టెల మీదకి వెళ్ళాడు. లారీని తుక్కు కింద అమ్మేశారు. మా అమ్మాయి అశ్వినికి నా జట్టులోనే పని ఇచ్చారు. అది పన్నెండు చదివింది, బెంగాలీ గడగడా రాస్తుంది. తెలుగు ఇంట్లో మాట్లాడటమే తప్ప చదవడం రాదు. చీపురు పట్టడం అసలే రాదు. నాకు మిగిలింది అదొక్కతే.

పూజ సెలవులు అయ్యాక చప్పుడు డబ్బాలు పెట్టిన బండ్లు రోడ్డెక్కాయి.

తెల్లవారుతోంది. మేం వరసగా ఊడ్చుకుంటూ పోతున్నాం. నా వెనక మలుపులో మా ఆయన లారీ దగ్గింది. గేరు మారింది, గొంతులో గురగురమంది. డబ్బాలోంచి వస్తోందని నాకు తెలుసు, అంతా నా కళ్ళ ముందే కదా జరిగింది. అయినా చీపురు మీద నా వేళ్ళు బిగుసుకుపోయాయి. చప్పుడు దగ్గరికి వచ్చింది. సరిగ్గా ఆయన కొట్టే దూరానికి వచ్చాక, టంగు, టంగు.

"ఓలమ్మో," అంది అరుణకుమారి.

"ఎవులూ ఎనక్కి తిరక్కండి!" అన్నాను.

మా అత్త చెప్పిన మాట అది. మా వాళ్ళందరూ పాటించేదే. పోయినవాళ్ళు ఏడాది తిరిగేదాకా మన వెనకే తిరుగుతుంటారు. వాళ్ళ చప్పుడు వెనక నుంచి వినబడితే తిరగకూడదు, పలకకూడదు, అడుగు తీసి అడుగు వెయ్యకూడదు. తిరిగామా, నీతో వస్తానని ఒప్పుకున్నట్టే. ఎదుటి నుంచి వచ్చే చప్పుడుతో మాత్రం భయం లేదు. బతికున్నవాళ్ళే ఎదురుగా వస్తారు.

అందుకని మేమంతా తలలు దించుకుని ఎక్కడివాళ్ళం అక్కడ నిలబడిపోయాం. బండి హారన్ మీద హారన్ కొట్టి, చివరికి మమ్మల్ని చుట్టుకుని ముందుకొచ్చి ఆగింది. దాన్ని నడిపే యోగేశ్ మా లైను ఇళ్ళ కుర్రాడే.

"ఏటి పిన్నీ, సెవుడొచ్చీసిందేటి మీకు?"

"నీ పని నువ్వు సూసుకో," అన్నాను.

ఇక రోజూ ఇదే తంతు. మమ్మల్ని జరపడానికి పెట్టిన చప్పుడు మమ్మల్నే నిలబెట్టేసేది. అశ్విని మొదట్లో నవ్వింది. "అమా, అది స్పీకరు. రికార్డింగు," అని నాకు పాఠం చెప్పబోయింది. నాకు ఒళ్ళు మండింది. దాని చెయ్యి తీసి నా నెత్తి మీద పెట్టుకున్నాను. వెనక నుంచి ఏ చప్పుడొచ్చినా, ఎవరు పిలిచినా తిరగనని నా మీద ఒట్టు వేయించుకున్నాను. ఆ తర్వాత అది నవ్వలేదు.

యోగేశ్ ఎన్నాళ్ళు ఊరుకుంటాడు? సునీల్‌కుమార్‌కి ఫోన్ చేశాడు. ఆ కుర్రాడు వచ్చి మమ్మల్ని టీ కొట్టు దగ్గర కూర్చోబెట్టాడు.

"మీరడిగిన చప్పుడే పెట్టినం కదమ్మా. ఎందుకు జరుగుత లేరు?"

"సప్పుడు బాగుంది బావూ. ఆ కడియం ఎందుకెట్టినావు?" అన్నాను.

"ఏం కడియం?"

తన ఫోను నా చెవి దగ్గర పెట్టి రికార్డింగు మొత్తం వినిపించాడు. దగ్గు ఉంది, గురగుర ఉంది. కడియం దెబ్బ మొదట్లో లేదు, మధ్యలో లేదు, చివర్లోనూ లేదు.

"ఇంజను తప్ప అన్నీ తీసేసినం. మనుషుల మాటలు, కాకులు, తలుపు చప్పుడు, అన్నీ. బండిల కూడ ఇదే ఉంది," అన్నాడు.

అరుణకుమారి టీ గ్లాసు కింద పెట్టేసింది. యోగేశ్ మొహం వాడిపోయింది. "నాకూ ఇనపడతాది దాదా. తలుపు వదులయ్యిందనుకుని బోల్టులన్నీ సూసినాను. ఏదీ వదులు నేదు," అన్నాడు.

సునీల్‌కుమార్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. చివరికి, ఈ చప్పుడు తీసేసి వేరే ట్యూను పెడతానన్నాడు. అందరూ తలూపారు. నేను ఊపలేదు.

"మార్సకు," అన్నాను.

నాకు భయం లేక కాదు. రోజూ ఆ మలుపులో దగ్గు వినబడగానే నా పై ప్రాణం పైనే పోయేది. కానీ ఆ దగ్గు వినబడని పొద్దు ఎలా ఉంటుందో అనుకుంటే అంతకంటే భయం వేసేది. ఇంట్లో ఆయన మంచం ఖాళీ. చిలక్కొయ్యకి ఆయన చొక్కా లేదు. రోడ్డు మీద నా వీపు వెనక మాత్రమే మా ఆయన ఉన్నాడు. జట్టులో పెద్దదాన్ని కాబట్టి నా మాటకి ఎవరూ ఎదురు చెప్పలేదు.

ఇంటికి వెళ్తుంటే అశ్విని అడిగింది, "నాన్నంటే నీకు బయమా, ఇష్టమా?"

"రెండూను. నోర్మూసుకుని నడు."

జనవరిలో గంగ మీద నుంచి పొగమంచు కమ్ముకొచ్చింది. దీపం పడితే తప్ప నాలుగడుగుల అవతల ఏమీ కనబడటం లేదు. ఆ పొద్దు అశ్విని అందరికంటే ముందుకెళ్ళి రోడ్డు మధ్యలో చెత్త పోగుచేస్తోంది. నేను వెనక, కాలువ పక్కన ఉన్నాను. మలుపులో లారీ దగ్గింది. నేను తల దించుకుని నిలబడ్డాను. బండి నా పక్క నుంచే ముందుకి వెళ్ళిపోయింది. ఆ రోజు కడియం మోగలేదు. మోగలేదేమని తలెత్తాను.

బండి దీపాల వెలుగులో అశ్విని చొక్కా మీద తొడుక్కున్న మెరుపు పట్టీల జాకెట్టు వీపు కనబడింది. అది కదలడం లేదు. చీపురు నిలువుగా పట్టుకుని, తల దించుకుని, అచ్చం నేను నేర్పినట్టే నిలబడింది. యోగేశ్ ముందున్న అద్దం నిండా మంచు పట్టింది. ఒక చేత్తో గుడ్డ పెట్టి తుడుచుకుంటున్నాడట. ముందు ఎవరైనా ఉంటే చప్పుడుకి జరుగుతారులే అనుకున్నాడు కాబోలు, బండి ఆపలేదు.

"అశ్వినీ! జరగవే! జరగవే తల్లీ!"

గొంతు చించుకుని అరిచాను. దాని భుజాలు ఇంకా బిగుసుకున్నాయి, అంతే. నా అరుపు కూడా వెనక నుంచే కదా వెళ్ళింది! ఎవరు పిలిచినా తిరగనని నా మీదే ఒట్టు వేసింది. నా బిడ్డని ఆ బండి ముందు కట్టేసింది నేనే. పరుగెత్తబోయి, తడి రోడ్డు మీద జారి పడ్డాను. ఇక లేచే వ్యవధి లేదు. ఏం చెయ్యాలో తెలియక నేల మీద నుంచే అరిచాను.

"మావా! నీ కూతురు మావా!"

టంగు, టంగు.

బండిలో నుంచి కాదు. అశ్వినికి ఎదురుగా, రోడ్డు వారనున్న గోదాము గోడ దగ్గర నుంచి. అక్కడ ఉత్త ఇటుక గోడ తప్ప రేకు ముక్క కూడా లేదు. ఆ రోడ్డు రోజూ ఊడ్చేదాన్ని, నాకు తెలియదా?

ఎదుటి నుంచి వచ్చే చప్పుడుతో భయం లేదని నేనే చెప్పాను. అశ్విని తలెత్తింది. ఎవరా అని చూస్తూ గోడ వైపు నడిచింది. అది నిలబడిన చోటి మీదుగానే బండి వెళ్ళిపోయింది. చెత్త పోగు చెల్లాచెదురైంది. అప్పుడు గానీ యోగేశ్ బ్రేకు వెయ్యలేదు.

వెనక నుంచి పిలిస్తే కూతురు తిరగదని ఆయనకి తెలిసిపోయింది. అందుకే చుట్టూ తిరిగి ముందుకొచ్చి పిలిచాడు. నేను దాన్ని కావలించుకుని ఆ గోడ కిందే కూర్చుని ఏడ్చాను.

ఆ మధ్యాహ్నమే సునీల్‌కుమార్‌కి ఫోన్ చేశాను.

"ఆ సప్పుడు తీసీ బావూ."

"మొత్తమా అమ్మా?"

"మొత్తం తీసీ. ఇంకేదైనా ఎట్టు."

"రికార్డింగు మీ ఫోన్ల వేస్త. యాదికి ఉంటది."

"వద్దులే. అందులో మావ నేడు, ఇంజనే ఉంది," అని పెట్టేశాను. అశ్విని ఒట్టు కూడా తీసి గట్టు మీద పెట్టించాను.

కొత్త చప్పుడు వచ్చిన పొద్దు కూడా మంచు పట్టే ఉంది. బండి సన్నగా ఈల వేసుకుంటూ వచ్చింది. మా ఆడవాళ్ళు పకపకా నవ్వారు. నవ్వుతూనే వెనక్కి తిరిగి చూసి, హాయిగా పక్కకి జరిగారు. ఇంత చిన్న పనికి ఎన్ని నెలలు పట్టింది! యోగేశ్ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. అశ్విని టీ తేవడానికి కొట్టుకి వెళ్ళింది. నేను ఊడుస్తూ మా రోడ్డు చివరికి, అది పెద్ద రోడ్డులో కలిసే చోటికి వచ్చేశాను. నా వెనక ఏమీ లేదు. ఇన్ని నెలల్లో మొదటిసారి నా వీపు వెనక ఎవరూ లేరు. దుఃఖం ముంచుకొచ్చింది.

టంగు, టంగు.

ఎదుటి నుంచి. పెద్ద రోడ్డు అవతల, మంచులో నుంచి.

నాకు భయం వెయ్యలేదు. నిజం చెప్తున్నాను, సంతోషం వేసింది. ముందు నుంచి పిలిస్తే తప్పు లేదు కదా. మొదట ఊడుస్తూనే అటు నడిచాను. తర్వాత చీపురు ఈడ్చుకుంటూ నడిచాను. మట్టి గ్లాసులో పోసిన వేడి టీ వాసన వచ్చింది.

"వత్తన్నాను, మావా," అన్నాను. పలికేశాను.

"అమా!"

అశ్విని గొంతు. వెనక నుంచి. నా మెడ దానంతటదే బిగుసుకుంది. వెనక నుంచి పిలిస్తే తిరగకూడదు. ముందు కడియం మళ్ళీ మోగింది, ఈసారి ఇంకా దగ్గరగా.

"అమా! టీ సల్లారిపోతంది, రా!"

తిరిగాను. అత్త చెప్పింది, నేను అందరికీ నేర్పింది, అంతా వదిలేసి వెనక్కి తిరిగాను. తిరిగిన మరుక్షణం నా వీపుకి చల్లటి గాలి కొట్టింది. చీరకొంగు ఎగిరింది. చేతిలో చీపురు ఎవరో లాక్కున్నట్టు ఊడిపోయింది. బ్యాటరీ బస్సు. ఈల లేదు, దగ్గు లేదు, ఏ చప్పుడూ లేదు. నేను వెయ్యబోయిన అడుగు మీదుగా వెళ్ళి మంచులో కలిసిపోయింది.

నన్ను బస్సు కిందకి పిలిచాడా, ఊరికే టీకి పిలిచాడా, నాకు తెలియదు. పోయినవాళ్ళకి బస్సులు కనబడతాయో లేదో ఎవరు చెప్తారు?

అశ్విని రెండు చేతుల్లో రెండు గ్లాసులతో వచ్చింది. "ఎవుల్తో మాటాడతన్నావు?" అంది.

"ఎవుల్తోనూ నేదు," అన్నాను. ఒక చేత్తో టీ అందుకుని, రెండో చేత్తో దాని మణికట్టు పట్టుకున్నాను. గట్టిగా పట్టుకున్నానేమో, నొప్పి అంది. అయినా వదల్లేదు. ఏడాది తిరగాలంటే మళ్ళీ పూజ రావాలి. ఇంకా చలి కూడా పోలేదు.