ఎడమచేతి పని

చనిపోయిన మనిషికి ఆదెన్న కోటు తొడుగుతున్నాడు.

బయమ్మ పొద్దున్నే వచ్చి ఇచ్చిన ఓటరు కార్డులోంచి ఆమె భర్త మొహాన్ని స్కాన్ చేసి, పెద్దది చేసి, మెడ దగ్గర కత్తిరించి, ఎప్పుడూ వాడే నల్లకోటు బొమ్మ మీద ఆనించాడు. కళ్యాణదుర్గంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఆ కోటు తొడుక్కోకుండా పటంలోకి వెళ్ళినవాళ్ళు తక్కువ. వేరుశనగ పండించినవాళ్ళు, గొర్రెలు కాసినవాళ్ళు, బతికినంతకాలం చొక్కాకు పైగుండీ పెట్టి ఎరగనివాళ్ళు, అందరూ పోయాక ఒకసారి ఆదెన్న చేతికి వచ్చి, కోటు వేసుకుని, దండ కింద గోడమీద కుదురుకున్నారు. వాళ్ళ ఇళ్ళలో ఎవరికీ ఆదెన్న పేరు తెలియదు.

అతనికి యాభై దాటాయి. బక్కపలచని మనిషి. తెరకు దగ్గరగా వంగి వంగి మెడ ముందుకు సాగినట్టు ఉంటుంది. కుడిచేతి చూపుడువేలు మౌసు నొక్కీ నొక్కీ కొంచెం వంకర తిరిగింది. ఎడమచెయ్యి మాత్రం ఇన్నేళ్ళూ పని లేకుండా బల్లమీద పడి ఉండేది. ఏది కావాలన్నా అతను మౌసు బాణాన్ని తెర పైఅంచుకు తీసుకుపోతాడు. అక్కడి మాట మీద నొక్కితే ఒక వరస కిందికి జారుతుంది, ఆ వరసలోని మాట మీద నొక్కితే పక్కకు ఇంకో వరస. ఇంగ్లీషు చదవలేడు. ఏ మాట ఎక్కడుంటుందో కంటికి అలవాటు, అంతే.

ఈవేళ ఆ మాటలే సరిగా కనపడటం లేదు. తెర మసకబారినట్టుంది. పైగా నిన్నటిదాకా పడమటి కిటికీకి ఎదురుగా ఉన్న తెర ఆ వెలుగు పడకుండా పక్కకు తిరిగి ఉంది.

“పాపా, ఈ తెర ఎవురు ముట్టినారు?”

పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న చంద్రిక తల ఎత్తింది. సోమందేపల్లె పిల్ల. అనంతపురంలో ఏదో కోర్సు చదివి, ఈ మధ్యే స్టూడియోలో చేరింది.

“నేనే మామా. వెలుగు తగ్గించినా. శానా ఎక్కువ పెట్టుకోనుంటివి. తెరలో తెల్లగ కనపడి కాగితం మీద నల్లగ పడతాండేది అందుకే.”

“నేను సరిచేసుకుంటానే ఉండా గదా, ఇంకొంచెం తెల్లగ లాగి.”

“ఇంక అట్ల అందాజుగా చేసే పని లేదు. తెరలో ఎట్లుంటే కాగితం మీద అట్లే వస్తాది.”

ఆదెన్న మౌసును దగ్గరికి లాక్కున్నాడు. తను ఇంటికి పోయేదాకా ఆగి, ఎవరూ లేనప్పుడు తెరను ఎందుకు ముట్టుకుంది? మంచి చేసేవాళ్ళు ఎదురుగానే చేయొచ్చు గదా?

ఆ పిల్ల వచ్చిన నాటి నుంచీ అతనికి నిద్ర సరిగా లేదు. స్టూడియో యజమాని లక్ష్మీపతి ఆమెను పైగదికి తీసుకొచ్చి, “ఈ పాప నీకు కీబోర్డు మీటలతో చేసే పని నేర్పుతాది, నేర్చుకో” అని ఒక్క మాట చెప్పి దిగిపోయాడు. ఎందుకో చెప్పలేదు. వయసులో ఉన్న పిల్ల, చదువుకున్న పిల్ల, తనకు తెలిసిందంతా ఒక ముసలివాడికి ఊరికే ఎందుకు ధారపోస్తుంది?

ఊరికే నేర్పేవాళ్ళు ఉంటారని ఆదెన్నకు ఇంతవరకు ఎవరూ చూపించలేదు. వరసగా వానలు మొహం చాటేసిన కాలంలో చేను వదిలి ఇదే స్టూడియోకు ఊడ్చే పనికి వచ్చాడు. అప్పటి ఫోటోగ్రాఫరు హనుమంతరాయుడు చీకటిగదిలో మందులు కలిపేటప్పుడు లోపల గడియ పెట్టుకునేవాడు. నెగటివు మీద పెన్సిలుతో మొహాలు దిద్దేటప్పుడు ఆదెన్న చీపురు చప్పుడు వినపడితే చాలు, పని మీద తువ్వాలు కప్పేసేవాడు. తలుపు సందులోంచి, అద్దంలో నీడలోంచి, పారేసిన కాగితాల్లోంచి ఏళ్ళ తరబడి ఏరుకుని ఆదెన్న ఈ విద్య సంపాదించాడు. చివరికి హనుమంతరాయుడు మంచాన పడితే చూడబోయి, కళ్ళల్లో ఆ మెరుపు ఎట్లా పెడతావన్నా అని అడిగాడు. ఆయన మెల్లగా గోడవైపుకు తిరిగి పడుకున్నాడు.

అందుకే చంద్రిక నేర్పేకొద్దీ ఆదెన్నకు లెక్క ఒకటే తేలింది. నేర్పడం పూర్తయితే ఆమెకు ఆ ప్లాస్టిక్ కుర్చీతో పనుండదు. తన కుర్చీలోకి వస్తుంది. అంతదాకా రానివ్వకూడదంటే, నేర్చుకోకూడదు.

“మామా, బొమ్మకు ఇంకో పొర కావల్లంటే కంట్రోలూ జె. తెర పైకి పోయే పని లేదు. నొక్కు.”

“కంట్రోలు యాడుండాది?”

చంద్రిక ఊపిరి బిగపట్టింది. “నిన్న చూపించినా గదా. ఎడమపక్క, కింద మూల.”

ఆదెన్న చూపుడువేలును మీటల మీద అటూ ఇటూ తిప్పి, వేరే మీట నొక్కాడు. తెరమీద ఏదో డబ్బా తెరుచుకుంది.

“అయ్యో, అది కాదు మామా.”

“నాకు రాదు లేమ్మా. ఈ వయసులో.”

నిజానికి అతనికి వచ్చేసింది. ఆమె అన్నానికి కిందికి దిగినప్పుడల్లా అతని ఎడమచెయ్యి మీటల మీదికి పాకేది. కంట్రోలూ జె అంటే కింది బొమ్మ చెడకుండా దిద్దుకోవడానికి కొత్త పొర. కంట్రోలూ జెడ్ అంటే చేసింది వెనక్కి. చదరపు బ్రాకెట్లు రెండూ కుంచెను పెద్దదీ చిన్నదీ చేసేవి. కంట్రోలూ సున్నా నొక్కితే బొమ్మంతా తెరలో ఇమిడిపోతుంది. ఆటోలో పోతున్నప్పుడు కూడా వేళ్ళు తొడమీద అవే మీటలు నొక్కుకునేవి. ఇంట్లో సంగటి కెలుకుతున్న భార్య ఆంజినమ్మ అది చూసి, “ఏంది, చేతికి వణుకు పట్టుకుండాదా?” అని భయపడింది కూడా.

కోటు పని ముగించి, మొహాన్ని ఎప్పటిలాగే ఇంకొంచెం తెల్లగా లాగి, ఆదెన్న ప్రింటుకు పంపాడు.

బయమ్మ కింద బెంచీ మీద కాచుకుని ఉంది. లక్ష్మీపతి పటం చేతికివ్వగానే దూరంగా పట్టుకుని చూసింది, దగ్గరగా పట్టుకుని చూసింది.

“ఈయన మాయన కాదప్పా.”

“నువ్విచ్చిన కార్డే గదమ్మా” అన్నాడు మెట్లమీదున్న ఆదెన్న.

“మాయన నల్లని మనిషి. ఎండలో తిరిగి తిరిగి ఇంకా నల్లగయినాడు. ఈయనెవురో మొహానికి పిండి పూసుకోనుండాడు. ఈ తెల్లాయన్ను గోడకు పెడితే, ఎవురీయన అని నా మనవళ్ళే అడుగుతారు.”

సాయంత్రానికి మళ్ళీ చేసి ఇస్తామని లక్ష్మీపతి ఆమెను పంపేశాడు. ఊరికే ఆదెన్న వైపు చూసి, ఆ తర్వాత పైగది వైపు చూశాడు. తిట్టినా బాగుండేది.

ఆదెన్న పైకి వెళ్ళి పటాన్ని బల్లమీద పడేశాడు. “ఇందుకేనా తెర మార్చింది? సార్ ముందర నాకు పని రాదనిపించేదానికేనా?”

చంద్రిక మొహం ఎర్రబడింది. పటం తీసుకుని తెర పక్కన పెట్టింది. “చూడు మామా. తెరలో ఎంత తెలుపుండాదో కాగితం మీదా అంతే ఉండాది. నువ్వు కంటికి కనపడింది చేయలేదు, చేతికి అలవాటయింది చేసినావు.”

చూశాడు. రెండూ ఒకే తెలుపు. తేడా లేదు. అంత సరిగ్గా సరిపోయినందుకే అతనికి ఇంకా అనుమానం వేసింది. ఆమె బయటికి వెళ్ళగానే తెర కింది మీట తడిమి, వెలుగును మళ్ళీ పాత చోటికి పెంచేసుకున్నాడు. కళ్ళు జిగేలుమన్నాయి. ఇల్లు చేరినట్టు అనిపించింది.

మధ్యాహ్నం సంగటి తిని, చెయ్యి కడుక్కుని పైకి వస్తుంటే ఫోటోలు తీసే గదిలోంచి తన పేరు వినపడింది. ఆదెన్న నీలం పరదా వెనకే నిలబడిపోయాడు. ఇన్నాళ్ళకు దొరికారు అనుకున్నాడు.

“రేపు పొద్దున బెంగళూరులో చేరకపోతే ఆ ఫోటో ల్యాబోళ్ళు ఇంకొకర్ని తీసుకుంటారు సార్. నా సర్టిఫికెట్లు ఇయ్యండి, సాయంత్రం బస్సుకు పోతా.” చంద్రిక గొంతు.

“ఆదెన్నకు పని వచ్చినాక ఇస్తానని మొదుట్లోనే చెప్పినా గదా” అన్నాడు లక్ష్మీపతి. “ముహూర్తాలు ముందరుండాయి. పనోళ్ళు లేకుండా నేనేం చేసుకోను? ఆయప్ప ఒక్క పటం నా కండ్ల ముందర చేసి చూపిస్తే, అప్పుడే నీ కాగితాలు నీ చేతిలో పెడతా.”

“ఆయనకు నేర్చుకోవల్లని లేదు సార్. చెప్పిందే చెప్తాండా.”

“అట్లయితే ఆయన్ను ఇంటికి పంపిస్తా. నువ్వే ఆ కుర్చీలో కూచ్చో.”

“నాకొద్దు ఆ కుర్చీ!” అంది చంద్రిక. “ఆ దుమ్ములో, ఆ గదిలో, చచ్చినోళ్ళకు కోట్లు తొడుక్కుంటా నేనుండలేను సార్. నన్ను పోనీయండి.”

ఆదెన్న చెయ్యి పరదాను పట్టుకునే ఉంది. యజమాని తనను పంపేస్తాడన్న అనుమానం నిజమే. కానీ ఇన్ని రోజులుగా రెండు చేతులా కాపలా కాసిన కుర్చీని ఆ పిల్ల ఒక్కసారి కూడా కోరుకోలేదు. ఆమె తొందరపడింది లోపలికి రావడానికి కాదు, బయటపడటానికి. తలుపుకు అడ్డంగా నిలబడింది తనే. చీకటిగదికి లోపల పెట్టుకున్న గడియ, పని మీద కప్పిన తువ్వాలు గుర్తొచ్చాయి.

పరదా తీసి లోపలికి వెళ్ళాడు. ఇద్దరూ ఉలిక్కిపడ్డారు.

“సార్, బయమ్మ పటం మళ్ళీ చేస్తా. పైకొచ్చి చూడండి.”

లక్ష్మీపతి వెనక నిలబడ్డాడు. చంద్రిక గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఆదెన్న ముందు తెర కింది మీట నొక్కి, వెలుగును పొద్దున ఆమె పెట్టిన చోటికి దించాడు. ఎడమచెయ్యి ఎత్తి మీటల మీద పెట్టాడు. వేళ్ళు కదిలాయి.

బాణం తెర పైఅంచుకు వెళ్ళనే లేదు. పొర వచ్చింది, కుంచె చిన్నదైంది, పెద్దదైంది. తప్పు గీత పడితే వెనక్కి పోయింది. పిండి పూసిన తెలుపు కింద నుంచి నల్లని బుగ్గలు, ఎండకు ముడతలు పడిన నుదురు మెల్లగా పైకి తేలాయి. చివర్లో ఇంకొంచెం తెల్లగా లాగడానికి కుడిచెయ్యి దానంతట అదే పోబోయింది. ఆదెన్న ఆపుకున్నాడు. తెరలో ఉన్నదాన్ని ఉన్నట్టే వదిలేశాడు.

“ఇదంతా ఎప్పుడు నేర్చుకున్నావప్పా?” లక్ష్మీపతి నోరు తెరిచాడు.

“పాప నేర్పింది సార్.”

గుమ్మం దగ్గర నుంచి చంద్రిక మెల్లగా అంది. “పొద్దున కంట్రోలు యాడుండాదని అడిగినావే మామా.”

ఆదెన్న కోటు కాలరును దిద్దుతూ కూర్చున్నాడు. అక్కడ దిద్దడానికి ఏమీ లేదు.

“నీకు ముందే వచ్చునా?”

“వచ్చు” అన్నాడు, తెరవైపే చూస్తూ.

ఇంకేమైనా అడుగుతుందేమో, తిడుతుందేమో అని ఎదురుచూశాడు. తల తిప్పి చూస్తే, కనురెప్పల కింద నుంచి అతన్ని కొలుస్తున్నట్టు చూస్తోంది. ఎందుకు దాచావు, ఇప్పుడెందుకు బయటపెట్టావు, ఇందులో నీకేం లాభం అని అడిగే చూపు. ఆ చూపు ఆదెన్నకు బాగా తెలుసు. ఇన్నాళ్ళూ తను ఆమెను చూసింది అట్లాగే.

లక్ష్మీపతి వెనకే చంద్రిక మెట్లు దిగిపోయింది. కింద బీరువా తాళం తీసిన చప్పుడైంది. “వస్తా సార్” అన్న మాట వినపడింది. ఆ తర్వాత వీధిలోకి పరుగులాంటి నడక. పిలుద్దామని ఆదెన్న లేచాడు. పిలిచి ఏం చెప్పాలో తెలియలేదు. కిటికీలోంచి చూస్తే, బస్టాండు వైపు పోయే ఆటో వెనక ఎర్రదుమ్ము లేచి, మెల్లగా అణిగిపోతోంది.

పొద్దువాలుతుండగా బయమ్మ పైగదికే వచ్చింది. ఈసారి పటాన్ని దూరంగా పట్టుకోలేదు. ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. బొటనవేలితో బుగ్గ మీద తాకింది.

“ఈయనే” అంది. “పలకరిస్తే పలక్కుండా ఇట్లే చూసేవాడు.”

కొంగుతో పటాన్ని చుట్టుకుని, ఆదెన్న వైపు చూడకుండానే మెట్లు దిగిపోయింది.

“రేపట్నుంచి పెళ్ళి ఆల్బంలు కూడా నువ్వే చెయ్యాల” అని లక్ష్మీపతి కింద నుంచి కేకేశాడు. ఆదెన్న ఊఁ అన్నాడు. కంప్యూటరు ఆపి, కిటికీ రెక్కలు మూయడానికి లేచాడు.

ప్లాస్టిక్ కుర్చీ వెనక, కిటికీ గట్టు మీద, చంద్రిక అన్నం డబ్బా ఉండిపోయింది. ఎత్తితే బరువుగా ఉంది. దాని మూత మీద పొద్దుటి నుంచీ పడ్డ ఎర్రదుమ్ము, ఎక్కడా వేలిముద్ర లేకుండా, పలచగా పరుచుకుని ఉంది.