దులిపిన చొక్కా

పాత బ్యాటరీని బల్లమీద బోర్లించి, వెంకటపతి గొడ్డలి వెనకవైపుతో ఒక్కటిచ్చాడు. నల్లటి పెట్టె పగిలి, లోపలి సీసం పలకలు బూడిదరంగు పొడి రాలుస్తూ బయటపడ్డాయి. పలకలు ఒక గుట్ట, పెట్టె ముక్కలు ఒక గుట్ట. చెన్నై శివారు మనలి పొలిమేరలోని ఆ రేకుల షెడ్డులో ఇరవై రెండేళ్లుగా అతని పని ఇదే. ఇంకోదాన్ని అందుకునే ముందు చొక్కా జేబు తడిమి చూసుకున్నాడు. ఫోను మోగలేదు.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. కణతల దగ్గర మాత్రమే నెరిసిన జుట్టు సాయంత్రానికి మొత్తం నెరుస్తుంది. కొళాయి కింద తల పెడితే మళ్లీ నల్లబడుతుంది. చిగుళ్ల అంచున నీలి గీత. కుడి మణికట్టు ఈ మధ్య చెప్పిన మాట వినడం లేదు. ఎవరన్నా అడిగితే ముసలితనం అని తేల్చేసేవాడు. అతని దిగులంతా మనవరాలు నివేదిత గురించే.

మూడేళ్ల పిల్ల. నిరుడు "తాతా, దా" అని వీధంతా వినపడేలా పిలిచేది. ఈ ఏడు ఒక్కొక్క మాటే పారేసుకుంటూ వచ్చింది. కడుపు పట్టుకుని ముడుచుకుంటుంది. అన్నం వద్దంటుంది కానీ మన్ను మాత్రం తింటుంది. గుమ్మం ముందు మెట్టు పక్కన చతికిలబడి, తాను పాలు తాగిన ఉగ్గుగిన్నెతోనే మట్టి తవ్వుకుని నోట్లో పోసుకుంటుంది. మొదట్లో వెంకటపతికి అది ముద్దుగానే ఉండేది. "నోరు తెరువు కిష్టమ్మా, లోకాలన్నీ చూడనీ" అని గడ్డం పట్టుకునేవాడు. పళ్ల సందుల్లో బూడిదరంగు మట్టి తప్ప ఏ లోకమూ కనిపించేది కాదు.

పోయిన వారం ఆసుపత్రిలో డాక్టరమ్మ పిల్ల రక్తం తీసుకుంది. ఆవిడ పంపిన మనిషి ఇంటికొచ్చి గది మూలల్లో దుమ్మూ, వాకిట్లో మట్టీ పొట్లాలు కట్టుకుపోయింది. ఫలితం ఇవాళ చెబుతామన్నారు.

ఐదింటికి తోటి పనివాడు పాల్‌రాజ్ పనిచొక్కా విప్పి గోడ మేకుకు తగిలించి, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. పక్క మేకు ఖాళీయే కదా, నీదీ తగిలించిపో అని రోజూ అనే మాటే అన్నాడు. వెంకటపతి రోజూలాగే తల అడ్డంగా ఊపాడు.

అతని భార్య చెంగమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆమె పెట్టిన నియమాలు రెండు. ఒంటిమీది గుడ్డ పరాయి గోడకు వేలాడకూడదు, దిష్టి తగులుతుంది. బయటి దుమ్ము గడప దాటకూడదు. ఆమె ఉన్నన్నాళ్లూ విసుక్కుంటూ పాటించాడు. పోయాక భక్తిగా పాటించాడు. జ్వరమొచ్చినా, వానొచ్చినా, మెట్టు దగ్గర చొక్కా విప్పి దులపందే లోపల కాలు పెట్టింది లేదు.

తొండియార్‌పేటలో బస్సు దిగి సందులోకి తిరిగేసరికి ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. నడక వేగం పెంచాడు. అయినా అలవాటు అలవాటే. మెట్టు దగ్గర ఆగి, చొక్కా విప్పి, రెండు చేతులా పట్టుకున్నాడు.

"దులపొద్దు మామా," అంది లోపల్నించి కోడలు సింధూరి.

ఆ గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని అతనికి తర్వాత అనిపించింది.

"ఏమన్నారమ్మా?"

"పాప రక్తంలో సీసం ఉండాదంట. ఫోనులో చెప్పేదానికి నాకు నోరు రాలేదు. ఇంట్లో కొంచమే దొరికిందంట. అన్నిటికన్నా ఎక్కువ..." ఆమె చూపు మెట్టు పక్కకు పోయింది. "ఆడ ఉండాదంట మామా."

వెంకటపతి ఆ చోటు చూశాడు. ఒక్క రేణువు కూడా ఇంట్లోకి పోకూడదని ఇన్నేళ్లూ అంతా అక్కడే పోశాడు. పిల్ల అక్కడే తవ్వుకుంది.

"మందిస్తారంట. పోయిన మాటలన్నీ తిరిగొస్తాయని మాత్రం చెప్పలేమన్నారు. పాపను ఈడ ఉంచొద్దన్నారు. మైలాపూరులో మా అమ్మింటికి పోతా ఉండాం. మీ కొడుకు డ్యూటీ దిగి నేరుగా ఆడికే వస్తాడు."

నేనూ వస్తానని నోటిదాకా వచ్చింది. చేతిలో చొక్కా చూసుకుని మింగేశాడు.

"సరి. పొండమ్మా."

తాత గొంతు విని నివేదిత గుమ్మంలోకి వచ్చింది, రోజూలాగే ఎత్తుకోమని చేతులు చాచి. వెంకటపతి రెండడుగులు వెనక్కి వేసి, చేతులు వీపు వెనక దాచుకున్నాడు. పిల్ల ఆగిపోయింది. అతని ముఖంలోకి చూసి పెదాలు కదిపింది. మాట రాలేదు. ఆ మాటేదో అతనికి తెలుసు. సింధూరి పిల్లను ఎత్తుకుని ఆటో ఎక్కింది.

ఆటో మలుపు తిరిగాక అతను గడప దాటలేదు. చెయ్యి చాచి తలుపు దగ్గరికి లాగి, చొక్కా మళ్లీ తొడుక్కుని, వచ్చిన దారినే బస్‌స్టాపుకు నడిచాడు. షెడ్డులో పాల్‌రాజ్ చొక్కా పక్కన మేకు ఇంకా ఖాళీగానే ఉంటుంది.

మెట్టు పక్కన చిన్న గుంటలో ఉగ్గుగిన్నె ఉండిపోయింది, అంచుదాకా బూడిదరంగు మట్టితో.