గోరింటాకు మాటున

సూడాన్‌లోని షెండీలో కాలు బెణికి ఆసుపత్రికి పోయేవాడిని వెర్రివాడంటారు. ఎముకలు సరిచేసే తైఫూర్ ఊళ్లో ఉండగా ఆసుపత్రెందుకు? నానబెట్టిన తుమ్మకాయల పొడితో పట్టు వేసి, ఖర్జూరపు మట్టల బద్దలు పెట్టి ఆయన కట్టిన కట్టు మూడోనాడు ఆయనే విప్పాలి. ఇంకో చెయ్యి పడిందా, ఆయన పరువు గంగలో కలిసినట్టే.

పెళ్లినాడు పెళ్లికూతురు చెయ్యాల్సిన నాట్యం నేర్చుకుంటూ ఆయన మేనకోడలు బతూల్ చీలమండ బెణికించుకుంది. పెళ్లి ముంచుకొస్తోందని తైఫూర్ కట్టు మరికాస్త బిగించాడు. ఖార్తూమ్‌లో మందుల మీద పరిశోధన చేసే కూతురు అలవియ్య అప్పుడే వచ్చింది. "ఎలుకల కీళ్లవాపు నీ తుమ్మకాయతో నిజంగానే తగ్గింది నాన్నా" అంది. ముసలాయన కళ్లు చెమర్చాయి. ఊరంతా తిరిగి చెప్పుకున్నాడు, పాపం.

మర్నాడు ఆడవాళ్లు బతూల్ కాళ్లకి గోరింటాకు పెట్టారు. కట్టులోంచి బయటికున్న వేళ్లకి కూడా అక్కడి ఆచారం ప్రకారం నల్లగా, నిగనిగలాడేలా పెట్టారు.

"నొప్పి పోయింది వదినా! అసలు కాలుందో లేదో కూడా తెలియట్లేదు" అని నవ్వింది బతూల్.

అలవియ్య నవ్వలేదు. వేళ్లు పట్టుకు చూస్తే కుండలో నీళ్లంత చల్లగా ఉన్నాయి. రంగు చూద్దామంటే గోరింటాకు మాటున ఏం తెలుస్తుంది?

"నాన్నా, కట్టు విప్పు."

"తుమ్మ చలవ చేస్తుందే పిచ్చిదానా! పనిచేస్తుందన్నది నువ్వేగా?"

"నేనన్నది మందు సంగతి. ఎలుకలకి పట్టు వేశాం గానీ కట్టు కట్టలేదు నాన్నా! నెత్తురు ఆడకపోతే పాదమే పోతుంది. నువ్వు విప్పకపోతే నేనే విప్పేస్తా."

వాకిట్లో డప్పు ఆగిపోయింది. తైఫూర్ కూతురి వంక చూసిన చూపుకి ఆమె ప్రాణం చివుక్కుమంది. నిన్న ఆమె మాటకే మురిసిపోయిన మనిషి! అయినా వంగి, బతూల్ వేళ్లు తనే పట్టుకున్నాడు. కత్తి తెమ్మన్నాడు.

ఎండి బిగుసుకుపోయిన పట్టు కోసి, బద్దలు లాగేశాడు. అరికాలి ఒంపులో, గోరింటాకు అంటని చోట, చర్మం పాలిపోయి ఉంది. అలవియ్య బండి కోసం మనిషిని పరుగెత్తించింది. తైఫూర్ ఆ పాదాన్ని రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు.

ఉన్నట్టుండి బతూల్ కెవ్వుమంది. "మామయ్యా! మంట! కాలు మండిపోతోంది, దేవుడోయ్!"

రోగి మూలిగితే చాలు "నోర్ముయ్" అని కసిరే తైఫూర్, ఆ పాదాన్ని గుండెకి హత్తుకుని వలవలా ఏడ్చాడు.

"కేకలెయ్యి తల్లీ, ఇంకా గట్టిగా కేకలెయ్యి" అన్నాడు.