గాజు ఇంట్లో బొద్దింకలు

తలుపులు తెరిచేలోపు చేయాల్సిన పనులు ఇవి: చెరువు మీద పేరుకున్న తెట్టు తీయాలి. చచ్చి తేలిన చేపలుంటే సంచిలో కట్టాలి. అరటి మొదళ్ల కింద, రాళ్ల సందుల్లో, నడకదారి చెక్కల అడుగున చేరిన బొద్దింకలను ఏరి, మూత బకెట్టులో వేసి బయటికి మోయాలి. మందు కొట్టకూడదు. లోపలి గాలి బయటికి పోదు, తిరిగి తిరిగి అదే గాలి. మందు కొడితే చెట్టూ చేపా కూడా పోతాయి. అందుకని చేత్తోనే ఏరాలి.

ఈ జాబితాను ఎవరూ కాగితం మీద పెట్టలేదు. మేనేజరు నోటితో చెప్పాడు, అత్త మూడేళ్లు చేసింది.

ఎకరం నేలకు గాజు కప్పు వేసి, లోపల చిన్న అడవినీ చెరువునూ పెంచి, మనిషి జోక్యం లేకుండా జీవులు ఎలా బతుకుతాయో అక్కడ పరిశోధన చేస్తారు. టికెట్టు కొన్నవాళ్లు లోపలికి వెళ్లి చూడవచ్చు. అత్త మేనకోడలు అక్కడే గైడు. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. అత్త మేనేజరు చుట్టూ తిరిగి, బతిమాలి ఇప్పించిన ఉద్యోగం అది.

అత్త చేతుల నుంచి ఒక జిడ్డు కంపు వచ్చేది. ఆమె అన్నం చెంచాతో తినేది.

"సబ్బు అరిగిపోతోంది గానీ ఈ కంపు అరగదే. నా చెయ్యి నాకే ఎంగిలిలా ఉంది," అని నవ్వేది. మేనకోడలు నవ్వలేక ముఖం తిప్పుకునేది. అలా తిప్పుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టేది.

ఒకరోజు పొద్దున్నే మేనేజరు అత్తను ఆపాడు.

"రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా. రీసెర్చి వాళ్ల రిపోర్టు వచ్చింది. బొద్దింకలు వాటంతటవే తగ్గిపోయాయట."

"వాటంతటవేనా! మరి నా నడుం దేనికి పడిపోయింది సార్?"

మేనేజరు గేటు వైపు వెళ్లిపోయాడు. సంగతి ఇదీ. సందర్శకులు చీదరించుకోకూడదని బొద్దింకలను ఏరించింది అతనే. రీసెర్చి వాళ్లు వేరే గేటు నుంచి పది గంటలకు వచ్చి, మిగిలినవాటిని లెక్కపెట్టుకుని, మూడేళ్లుగా తగ్గుతున్నాయని మురిసిపోయారు. ఏరిస్తున్నానని అతను ఒక్కసారీ చెప్పలేదు. ఇప్పుడు చెబితే తన మెడకే చుట్టుకుంటుంది. అందుకే ఎవరి కంటా పడకముందే ఆమెను మానిపించాడు.

అత్త వారం రోజులు ఇంట్లో కూర్చుంది. ఎనిమిదో రోజున రీసెర్చి పెద్దాయన స్వయంగా సందర్శకులతో లోపలికి వచ్చాడు.

"ఇక్కడ మనిషి చెయ్యి పడదు," అని మేనకోడలు నేర్చిన పాఠం మొదలుపెట్టింది. "ప్రకృతి తన లెక్క తనే సరిచూసుకుంటుంది."

ఒకావిడ కమ్మీ మీద చెయ్యి ఆనించింది. అరచేతి కింద ఏదో చిట్లింది. తీసి చూస్తే తెల్లటి గుజ్జు, అందులో ఇంకా కొట్టుకుంటున్న ఒక కాలు. ఆవిడ కేకకు పక్కాయన వెనక్కి అడుగేస్తే చెక్క కదిలింది. దాని కింద నుంచి బొద్దింకలు కుప్పలుగా లేచాయి. ప్యాంటుల్లోకి పాకాయి, చెప్పుల కింద పచపచమన్నాయి, ఒకటి ఎగిరి ఎవరిదో పెదవి మీద వాలింది. ఎవరో చెరువులో వాంతి చేసుకున్నారు. చేపలు పైకొచ్చి ఎగబడి దాన్ని తిన్నాయి.

"ఇదేంటి? తగ్గాయి కదా!" అన్నాడు పెద్దాయన, జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని.

మేనేజరు మేనకోడలికి కళ్లతోనే సైగ చేశాడు. నోరు మూసుకుంటే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. అత్తది మాత్రం పోయినట్టే.

"తగ్గలేదండీ. మా అత్త ఏరింది. మూడేళ్లు, చేత్తో. వారం క్రితం మానిపించారు."

"మానిపించడం కాదు, ఆవిడ ఏరుతోందనే నాకు తెలీదు సార్," అన్నాడు మేనేజరు వెంటనే, రెప్ప వేయకుండా.

పెద్దాయన అతన్ని ఏమీ అడగలేదు. "ఛ! మూడేళ్ల పని పాడుచేసిందయ్యా ఆ మనిషి," అన్నాడు.

కాలి మీద బొద్దింక పాకుతున్నా కదలని మేనకోడలు ఆ మాటకు పెద్దాయన నుంచి రెండడుగులు దూరం జరిగింది.

సందర్శకులు రాకపోతే నడవదని మర్నాడే మేనేజరు అత్తకు కబురు పంపాడు, వెనక గేటు నుంచి వచ్చి ఏరి వెళ్లమని. శిక్షణ సరిపోలేదని మేనకోడల్ని తీసేశారు. అత్త వెళ్లింది. వెళ్లి, పెద్దాయన గది ముందు నిలబడి ఒకటే అడిగింది: "మీ పుస్తకంలో నా పేరు రాస్తారా సార్?"

"పేర్లు రాయమమ్మా. బయటి అంశం అని రాస్తాం."

ఇంటికొచ్చి మేనకోడల్ని అడిగింది. "అంటే ఏంటే?"

"గాలీ వానా ఎండా లాంటివత్తా. లెక్కలో కలవవు."

"ఓసి! ఎండకీ వానకీ నడుం నొప్పి ఉంటుందటే?" అని అత్త నవ్వబోయింది. నవ్వు రాలేదు. లేచి మళ్లీ చేతులు కడుక్కుంది.

ఇప్పుడూ అక్కడ ఆమే ఏరుతోంది. మీరు ఎప్పుడైనా ఆ గాజు ఇంటికి వెళ్లి, చెట్ల కింద ఒక్క పురుగైనా కనబడక, ఎంత శుభ్రంగా ఉందో అనుకుంటే, దయచేసి ఆ అత్తను ఒక్క క్షణం తలుచుకోండి.