ఖిబిడు పాటపురుగు

మా ఖిబిడు అడవి గేటు దగ్గర చాలాకాలం ఒకే బోర్డు ఉండేది: "ఇక్కడ మలేరియా లేదు." ఆ మాట నిజం. మావి ఎండిన ఎర్రకొండలు. చలికాలం తెల్లారేసరికి నీళ్లతొట్టి మీద మంచు బిళ్ల కడుతుంది. ఆ జ్వరం ఇక్కడ నిలవదు. మాత్రలు మింగే బాధ లేకుండా సింహాల్ని చూడాలనుకునేవాళ్లంతా పిల్లాపాపలతో మా దగ్గరికే వస్తారు.

గావొలాట్లే మా అతిథుల బసకి మేనేజరుగా వచ్చాక ఆ బోర్డు ఆయనకి నచ్చలేదు. మా త్స్వానా తెగ మనిషే, కానీ డర్బన్‌లో సముద్రం ఒడ్డు హోటల్లో పనిచేసి వచ్చాడు. ఏనుగు ఎదురైనా ముందు టై సర్దుకునే రకం.

"మలేరియా అనే మాట చదవగానే మనిషికి మలేరియా గుర్తొస్తుంది ఒటెంగ్," అన్నాడు నాతో. "భయపెట్టే మాట బోర్డు మీద మనమే రాసుకోవడమేమిటి?"

నేను జీపు తోలేవాణ్ణి, బోర్డుల సంగతి నాకెందుకని ఊరుకున్నాను. ఆయన పెయింటర్ని పిలిపించి "ఇక్కడ దోమే లేదు" అని రాయించాడు.

వంటింటి పెద్ద సెబొలాయ్ అత్త అది చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాగుందయ్యా. మరి దోమలకి ఎవరు చదివి వినిపిస్తారు? నువ్వా?"

"వానలు పడి ఎన్నాళ్లయింది అత్తా? ఇంకా దోమలెక్కడివి?"

ఆ ఏడాది వానలు పడ్డాయి. వాగులు పారాయి, గుంటలు నిండాయి, కప్పలు అరిచాయి. సరిగ్గా అప్పుడే బ్లూమ్‌ఫొంటెయిన్ నుంచి హెండ్రిక్, ఎల్సాబె అనే దంపతులు దిగారు. ఆయన పళ్ల డాక్టరుగా చేసి మానేశాడు. తల నున్నగా, గుమ్మడికాయలా ఉండేది. ఆమె బళ్లో పిల్లలకి పాటలు నేర్పేది. పెళ్లయినప్పటి నుంచి ఆయన అడవికి వెళ్దామంటున్నా ఆమె ఒప్పుకోలేదట. గేటు దగ్గర బోర్డు మూడుసార్లు పైకి చదివించుకున్నాకే కారు దిగింది.

దోమ తప్ప ఆమెకి దేనికీ భయం లేదు. మొదటిరోజే ముసలి ఏనుగొకటి వరండాలోకి తొండం చాపి ఆమె పళ్లెంలో రస్కులు ఎత్తుకుపోతే "పాపం, ఆకలేమో" అని డబ్బా మొత్తం ముందుకి తోసింది. స్నానాలగది కిటికీలోంచి కొండముచ్చు తొంగిచూస్తే పరదా వెయ్యమని దాన్నే కసిరింది.

మర్నాడు సాయంత్రం టీ దగ్గర నుయ్య్‌మని సన్నగా వినిపించింది.

ఎల్సాబె కప్పు కిందపెట్టింది. ఆ చప్పుడు బల్ల చుట్టూ తిరిగి, తీరిగ్గా వచ్చి హెండ్రిక్ బట్టతల మీద వాలింది. ఆయన చెయ్యెత్తాడు.

"కదలకండి!" అని గావొలాట్లే అరిచిన అరుపుకి పక్కబల్ల వాళ్లు పామనుకుని కుర్చీలెక్కారు. ఆయన పరుగున వచ్చి హెండ్రిక్ చెయ్యి గాల్లోనే పట్టేశాడు.

"అది దోమ," అంది ఎల్సాబె. ముఖంలో నెత్తురు చుక్క లేదు. "హెండ్రిక్, సామాను సర్దు."

"దోమా? ఎంత మాటమ్మా!" అన్నాడు గావొలాట్లే. మరుక్షణం ఏమనాలో ఆయనకే తెలియదని నాకు అర్థమైంది. "అది... అది పాటపురుగు. ఖిబిడు పాటపురుగు. ఈ కొండల్లో తప్ప ఇంకెక్కడా లేదు. పూర్తిగా అంతరించిపోయిందనుకున్నాం. మీ అదృష్టం చూడండి!"

"అచ్చం దోమలా ఉందే."

"అందరూ అలాగే పొరబడతారు. అందుకే పాపం అంతరించింది."

హెండ్రిక్ కళ్లు మెరిశాయి. "కుడుతుందా?"

"కుట్టదు సార్. ముద్దుపెట్టుకుంటుంది. చంపితే మాత్రం చాలా పెద్ద నేరం."

ఎల్సాబె చాలాసేపు చెవి ఒగ్గి విన్నది. తర్వాత మెల్లిగా, "శ్రుతి తప్పడం లేదు," అంది. ఆమె సామాను సర్దించలేదు. హెండ్రిక్ తల అరంగుళం కదపకుండా అరగంట కూర్చున్నాడు. వాళ్లూ వీళ్లూ చుట్టూ చేరి ఆ తలని ఫొటోలు తీశారు.

తెల్లారేసరికి కబురు అన్ని గదులకీ పాకింది. జీపు ఎక్కినవాళ్లంతా ఒకటే మాట: సింహాలు నిన్న చూశాం, ఇవాళ పాటపురుగు చూపించు. జీపు ముందు బానెట్ మీది సీటులో కూర్చుని జాడలు చూసే పెద్దాయన మొడుకనేలె నా వైపు తిరిగాడు.

"మా నాన్న చిరుత జాడ పట్టాడు. నేను సింహం జాడ పట్టాను. దోమ జాడ పట్టానని నా మనవలకి చెప్పుకోనా?"

"మెల్లిగా మామా, వింటారు. జాడ అక్కర్లేదు. కుట్టినచోట చెయ్యెత్తు, బండి ఆపుతాను."

"నన్ను ఎరగా పెట్టావన్నమాట."

రెల్లుగడ్డి మడుగు దగ్గర ఆయన రెండు చేతులూ ఎత్తేశాడు. బండి ఆపాను. అందరూ చొక్కా చేతులు మడిచి, మోకాళ్లదాకా బట్టలు లాగి, ఊపిరి బిగబట్టి కూర్చున్నారు. పురుగులు దండుగా వచ్చాయి. "నా మీద వాలింది!" "నాకు రెండు!" అని గుసగుసలు. ఎవరి కళ్లలో చూసినా నీళ్లే. అవి సంతోషానివో మంటవో చెప్పలేను.

అంతలో రెల్లు చీల్చుకుని సింహాలు వచ్చాయి. మొడుకనేలె చప్పుడు చెయ్యకుండా ముందుసీటు వదిలి బండి లోపలికి జరిగాడు. ఆడసింహాలు, వెనక పిల్లలు, ఆఖరున జూలు నల్లబడ్డ మగసింహం. అది గొంతు సవరించుకుని గర్జించబోయింది.

"ష్ష్!" అన్నాడు హెండ్రిక్ దాని వైపు వేలు చూపించి. "పాట వినబడటం లేదు."

సింహం నోరు మూసుకుంది. తన ఫొటో ఎవరూ తియ్యకపోవడం దానికి అదే మొదటిసారి కావచ్చు. మా ఎదుట పడుకుంది, ఆవలించింది, ఇటు పక్కా అటు పక్కా ముఖం తిప్పి చూపించింది. చివరికి లేచి రెల్లులోకి వెళ్లిపోయింది.

రేడియోలో పక్క జీపు డ్రైవరు గొంతు వినిపించింది. "ఒటెంగ్, నీ దగ్గర ఉన్నాయా? ఇక్కడ అడవికుక్కలు, ఖడ్గమృగం తప్ప ఏమీ లేవు. జనం నన్ను తిడుతున్నారు."

"మడుగు దగ్గరికి రా. చాలానే ఉన్నాయి."

"దేవుడా, రక్షించావు."

అప్పటి నుంచి మా బతుకు దుర్భరమైంది. పనివాళ్లెవరూ చెయ్యి విసరకూడదని గావొలాట్లే ఆజ్ఞ. ఆయన భోజనాల హాల్లో అతిథులకి స్వాగతం చెబుతుంటే దోమ ముక్కు మీద వాలేది. అందరూ చూస్తుండగా దాన్ని భరిస్తూ, కన్ను అదురుతుండగా నవ్వుతూ నిలబడేవాడు. సెబొలాయ్ అత్త ఓపిక నశించి ఎండిన ఏనుగు పేడ రాజేసి వంటింటి గుమ్మంలో పొగ పెట్టింది. ఆ పొగకి ఏ దోమా నిలవదు. ఎల్సాబె పరుగున వచ్చి నీళ్లు గుమ్మరించింది.

"నీకు జాలి లేదా? అంతరించిపోతున్న ప్రాణిమ్మా అది!"

అత్త చేతులు గీరుకుంటూ, "అంతరించేది నేనే తల్లీ," అంది.

ఈ పాటపురుగుల గోల మొదలైన మూడోరోజు మధ్యాహ్నం నేను వంటింట్లో మొక్కజొన్న సంకటి తింటున్నాను. ఎల్సాబె వచ్చింది. చేతులనిండా ఎర్రటి దద్దుర్లు. దురదకి ఏమైనా ఉందా అని అడిగింది. అత్త ఉల్లిపాయలు తరుగుతోంది. ధ్యాస పని మీద ఉంది.

"ఉంది ఉంది. ఈ కలబంద గుజ్జు రాయండి. దోమకాటుకి ఇంతకు మించింది లేదు."

కత్తి చప్పుడు ఆగింది. నా ముద్ద చేతిలోనే ఉంది. సరిగ్గా అప్పుడే మజ్జిగ కోసం వచ్చిన గావొలాట్లే గుమ్మంలో బిగుసుకుపోయాడు.

"దోమకాటు," అంది ఎల్సాబె.

గావొలాట్లే టై సర్దుకోబోయి, సర్దలేక, విప్పేశాడు. "అమ్మా, ఇక్కడ మలేరియా లేదు. అది అక్షరాలా నిజం. దోమలు లేవన్నది మాత్రం నా తెలివితక్కువతనం. పాటపురుగు అన్నది... అదీ నా తెలివితక్కువతనమే."

ఆమె బంగాళాదుంపల బస్తా మీద కూలబడింది. అక్కడే కూర్చుని చెప్పింది. ఆమెకి పియెటర్ అని అన్న ఉండేవాడు. మొజాంబిక్ తీరానికి చేపలు పట్టడానికి వెళ్లి మలేరియాతో అక్కడే పోయాడు. అక్కడే పూడ్చేశారు. వాళ్లమ్మ ఇంట్లో ఆ పేరు ఎత్తనివ్వలేదు, ఒక్క ప్రార్థన పాట కూడా పాడనివ్వలేదు. "అప్పటినుంచి కిటికీ తెరిచి పడుకోలేదు నేను," అంది. "అలాంటిదాన్ని, మూడురోజులుగా వాటికి చేతులు చాపి భోజనం పెడుతున్నాను."

అత్త కత్తి పక్కనపెట్టి, ఆమె పక్కన కూర్చుని కలబంద రాయడం మొదలుపెట్టింది. రెండో చెయ్యి కూడా అయ్యాక ఎల్సాబె తలెత్తింది.

"ముందు ఆ బోర్డు మార్చు. ఇప్పుడే. తర్వాత నన్ను నర్సు దగ్గరికి తీసుకెళ్లండి. హెండ్రిక్‌కి మాత్రం చెప్పకండి. ఎవరి పళ్లో తప్ప ఇంకేదైనా ఆయన ఇంత సంతోషంగా చూడటం నేనెప్పుడూ చూడలేదు."

గావొలాట్లే తనే నిచ్చెన మోసుకెళ్లి, తనే రంగు పూసి, పాత మాట మళ్లీ రాశాడు. నేను జీపు తీశాను. దురదకి మందు కోసమని చెబితే, ఊరి చెరువు దగ్గర కూడా పాటపురుగులు ఉండొచ్చని హెండ్రిక్ వెనక సీటెక్కాడు. ఆసుపత్రి బయట జీపులోనే కూర్చుని మోచెయ్యి బయటపెట్టుకుని ఎదురుచూశాడు.

లోపల నర్సు చుక్క నెత్తురు తీసి, చూసి, నవ్వింది. "జబ్బు మనిషిలో ఉంటే కదమ్మా దోమ మోసేది? ఇక్కడ జబ్బూ లేదు, దాన్ని మోసే జాతి దోమా లేదు. ఈ చుట్టుపక్కల దోమ దగ్గరున్నది దురదొక్కటే."

తిరుగు దారిలో ఎల్సాబె నా పక్కన కూర్చుంది. గేటు దాటాక ఏనుగుల గుంపు అడ్డమైతే బండి ఆపాను. నుయ్య్‌మని ఒకటి వచ్చి ఆమె మణికట్టు మీద వాలింది. ఆమె దాన్ని చూసింది, నింపాదిగా, ముఖం దగ్గరగా పెట్టుకుని. తర్వాత ఫట్‌మని కొట్టింది.

"ఎల్సాబె!" అని వెనకనుంచి కేక. ఏనుగులు కూడా తిరిగి చూశాయి. "ఏం చేశావు? హంతకురాలా!"

బస చేరగానే ఆయన గావొలాట్లే దగ్గరికి వెళ్లి సొంత భార్య మీద ఫిర్యాదు చేశాడు. శవాన్ని అగ్గిపెట్టెలో పెట్టి తెచ్చాడు. అతిథులంతా భోజనాల హాల్లో చేరారు. విచారణ జరగకపోతే ఊరుకునేలా లేరు. గావొలాట్లే చెమటలు కక్కుతూ బల్ల వెనక నిలబడ్డాడు.

"నేరం ఒప్పుకుంటున్నాను," అంది ఎల్సాబె.

"శిక్ష..." గావొలాట్లే నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను. "శిక్ష ఏమిటంటే, అమ్మగారు పాడాలి. దానికి అంత్యక్రియల పాట."

వాకిట్లో చిన్న గుంట తీశాం. పొద్దు వాలుతోంది. హెండ్రిక్ అగ్గిపెట్టెని గుంటలో పెట్టి టోపీ తీశాడు. ఎల్సాబె గొంతెత్తింది. మా చర్చిలో చావుల దగ్గర పాడే పాటే అది, వాళ్ల భాషలో. మొదటి చరణం ఆమె ఒక్కతే పాడింది. రెండోదానికి మొడుకనేలె కింది స్వరం అందుకున్నాడు, అలవాటు కొద్దీ. అది వింటూ మా త్స్వానావాళ్లం ఊరుకోలేం. సెబొలాయ్ అత్త పై స్వరం, తోటవాళ్లు, గదులూడ్చేవాళ్లు, అందరం కలిశాం. మొదట అత్త ముఖానికి వంటగుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వాపుకుంటోంది. మూడో చరణంలో ఎల్సాబె "పియెటర్" అంది, పాటలో లేని మాట. ఆ తర్వాత అత్త నవ్వలేదు.

చుట్టూ దోమలు ముసిరాయి. ఒక్కళ్లూ చెయ్యి కదపలేదు.

పాట అయ్యాక లోపలికి వెళ్లాం. ఆ పూట ఉడికించి దంచిన గొడ్డుమాంసం, ఆకుకూర. ఎల్సాబె రెండోసారి వడ్డించుకుంది. తెల్లారేదాకా ఆమెతో మాట్లాడనని హెండ్రిక్ అందరికీ చెప్పాడు. మాట్లాడలేదు కూడా. కానీ భోజనం చేస్తున్నంతసేపూ బల్ల కింద ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు, ఎడమచేత్తో తింటూ.